రోజుకో మగ్గు

మన విద్యాలయాల వరండాల్లో, కుండీల వరుస పక్కన గోడకి అంటించి ఉండే నీళ్ల డ్యూటీ చార్టును మార్చాలని నా అభిప్రాయం. చార్టు మీకు తెలిసిందే. ఎడమ పక్కన పేర్లు, పైన సోమవారం నుంచి శనివారం దాకా గళ్లు. ఎవరి వంతు వస్తే వాళ్లు పొద్దున ప్రార్థనకి ముందు కుండీకో మగ్గు చొప్పున నీళ్లు పోసి, గడిలో టిక్కు పెడతారు. నెలాఖరుకి టిక్కులు లెక్కపెట్టి మార్కులో, హౌస్ పాయింట్లో ఇస్తారు. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆ చార్టు చెబుతుంది. మొక్కకి ఆ రోజు నీళ్లు కావాలా అన్న ప్రశ్న మాత్రం అందులో ఏ గడిలోనూ లేదు.

పదకొండేళ్ల ఉద్యోగంలో ఇది నాకు ఐదో ఊరు. ఎడారి అంచున ఒకటి, విదర్భ నల్లరేగడిలో ఒకటి, అస్సాంలోని బరాక్ లోయలో ఒకటి, లద్దాఖ్‌లో ఒకటి, ఇప్పుడు సముద్రపు గాలి తగిలే ఈ ఊరు. ప్రతి ఊళ్లోనూ భాష మారింది, తిండి మారింది, బడిలో యూనిఫాం స్వెట్టర్ వేసుకునే నెలలు మారాయి. చార్టు మాత్రం మారలేదు. ఎడారిలోనూ రోజుకో మగ్గే, వానలు ఆగని చోటా రోజుకో మగ్గే.

తెలుగు టీచరుకి మొక్కల సంగతెందుకని స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. ఎందుకంటే నేలా నీరూ గురించి మన రైతులు వాడే మాటలు కొన్ని మీకు చెప్పాల్సినవి ఉన్నాయి. క్వార్టర్స్‌లో పెరిగే మీకు అవి వినబడే అవకాశం తక్కువ. వాటి దగ్గరికి వచ్చే ముందు కాస్త సైన్సు తప్పదు.

మొక్క నీళ్లతో బతుకుతుందని ఒకటో తరగతి నుంచి చెబుతున్నాం. వేరు గాలితో కూడా బతుకుతుందని అంత గట్టిగా చెప్పం. మంచి మట్టిలో దాదాపు సగం చోటు ఖాళీయే. రేణువుల మధ్య సందులు అవి. వాటిలో కొన్నిట నీరు, కొన్నిట గాలి ఉంటాయి. వేరు ఊపిరి తీసుకునేది ఆ గాలిలోంచే. నీళ్లు దిగిపోయే లోపల మళ్లీ మళ్లీ పోస్తూ ఉంటే సందులన్నీ నిండిపోతాయి. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో పాకే వేగం సుమారు 10,000 రెట్లు తక్కువ. వేరు దగ్గరున్న కాస్త ఆక్సిజన్ ఖర్చయిపోయాక కొత్తది వచ్చి చేరదు. ఊపిరాడని వేరుకి శక్తి ఉండదు. శక్తి లేని వేరు నీటినీ పోషకాలనీ సరిగా తీసుకోలేదు. చుట్టూ నీళ్లున్నా పైన ఆకు దాహంతో వాలిపోతుంది. తరవాత ఆ తడిలో పెరిగే శిలీంధ్రాల్లాంటివి నీరసించిన వేరుని పట్టుకుంటాయి. దాన్నే వేరుకుళ్లు అంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. నీళ్లు తక్కువైనా మొక్క వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. వాలిన మొక్కని చూడగానే మన చెయ్యి మగ్గు మీదికే పోతుంది. ఎండి వాలిన మొక్కకి అది ప్రాణం. మునిగి వాలిన మొక్కకి అదే ఆఖరి దెబ్బ. నేను పనిచేసిన ఒక బడిలో తులసి, క్రోటన్, కలబంద ఒకే వరుసలో ఉండేవి. కలబందకీ రోజూ మగ్గే. నెలన్నరకి దాని మొదలు మెత్తబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. ఆ నెల చార్టులో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మొత్తం టిక్కులే.

తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. నీళ్లు చాలకపోతే ఆకు అంచులు ఎండి పెళుసుగా విరుగుతాయి, మట్టి కుండీ గోడని వదిలి పక్కకి తొలుగుతుంది, కుండీ ఎత్తితే తేలిగ్గా ఉంటుంది. ఎక్కువైతే కింది ఆకులు ముందు పసుపు తిరుగుతాయి, కాడ మెత్తబడుతుంది, మట్టి కుళ్లు వాసన వేస్తుంది. ఇంకొకటి గుర్తుంచుకోండి. మండే ఎండలో మిట్టమధ్యాహ్నం, మట్టిలో తడి ఉన్నా కొన్ని మొక్కలు ఆకులు వాలుస్తాయి. ఆకు పోగొట్టుకునేంత వేగంగా వేరు అందించలేక అలా జరుగుతుంది. సాయంత్రానికి అవే లేస్తాయి. వాటిని చూసి కంగారు పడనక్కర్లేదు.

నీటి కొలతకీ మొక్క ఎదుగుదలకీ సంబంధం వెతికినవాళ్లు చాలా కాలంగా ఉన్నారు. బ్రసెల్స్‌లో వాన్ హెల్మాంట్ అనే ఆయన 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు తప్ప మరేమీ వెయ్యకుండా పెంచాడు. చెట్టు 169 పౌండ్లకి పైగా తూగింది. మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులు. చెట్టంతా నీళ్లలోంచే పుట్టిందని ఆయన తేల్చాడు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. తూకం సరిగానే ఉంది, తీర్పు తప్పింది. చెట్టు తన ఒంట్లోని కర్బనాన్ని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసుకుంటుందని ఆయనకి తెలియదు. నీళ్లు పోస్తే చాలు, ఎంత పోస్తే అంత పెరుగుతుంది అనుకునే మన చార్టు ఇంకా వాన్ హెల్మాంట్ దగ్గరే ఆగిపోయిందని నాకు అనిపిస్తుంది.

నాకు ఆయన కంటే ఇంగ్లండ్ మతగురువు స్టీఫెన్ హేల్స్ ఎక్కువ ఇష్టం. ఆయన ఒక పొద్దుతిరుగుడు మొక్క ఉన్న కుండీ మూతిని సీసపు రేకుతో మూసేసి, పొద్దునా సాయంత్రమూ తూచాడు. మట్టి మీంచి నీరు ఆవిరయ్యే దారి లేదు కాబట్టి, తగ్గిన బరువంతా ఆకుల్లోంచి పోయిన నీరే. ఎండగా పొడిగా ఉన్న రోజున మొక్క ఎక్కువ నీరు వదిలింది. మంచు పడిన రాత్రి ఏమీ వదల్లేదు. 1727లో తన పుస్తకంలో ఇది రాశాడు. అదే మొక్క, అదే కుండీ, అయినా రెండు రోజులకి ఒకే లెక్క లేదని మూడు వందల ఏళ్ల కిందటే తూచి చూపించాడు.

ఒకే కుండీ విషయంలోనే ఇంత తేడా ఉంటే, మన ఊళ్ల మధ్య ఎంత ఉంటుందో ఆలోచించండి. జైసల్మేర్‌లో ఏడాది వాన సగటున సుమారు 200 మిల్లీమీటర్లు. లేహ్‌లో ఇంచుమించు 100. బరాక్ లోయలోని సిల్చర్‌లో సుమారు 3,000. నాన్నగారికో అమ్మగారికో ఆర్డర్ రాగానే మీరు ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి వెళ్లిపోతారు. అలవాటు మాత్రం మీతోపాటు లారీ ఎక్కుతుంది. ఎడారి నుంచి అస్సాం వచ్చిన పిల్లలు వానాకాలంలో కూడా సాయంత్రం బకెట్ పట్టుకుని బయటికి వస్తారు. అస్సాం నుంచి లద్దాఖ్ వెళ్లినవాళ్లు మొక్కని దానంతట అది బతుకుతుందిలే అని వదిలేస్తారు. ఇద్దరూ శ్రద్ధగలవాళ్లే.

వాన ఒక్కటే కాదు, మట్టి కూడా మారుతుంది. ఇసుక రేణువులు పెద్దవి, వాటి మధ్య సందులూ పెద్దవి. నీళ్లు పోస్తే పోసినంత వేగంగా కిందికి జారిపోతాయి, వేరుకి కావలసిన గాలి ఎప్పుడూ ఉంటుంది, తడి మాత్రం నిలవదు. నల్లరేగడి అందుకు పూర్తిగా విరుద్ధం. దాని బంకమట్టి రేణువులు అతి సన్నం. నీటిని పట్టుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. నాగపూర్ వైపు ఉన్నవాళ్లు మే నెలలో కాలు పట్టేంత నెర్రెలు చూసే ఉంటారు. దాన్ని కుండీలో నింపి రోజూ మగ్గు పోస్తే పైన ఆరినట్టే కనబడుతుంది, నాలుగు అంగుళాల కింద బురదే. అందులోనూ నీరు ఎంత ఉందన్నది ఒకటి, వేరు పీల్చుకోగలిగేది ఎంత అన్నది ఇంకొకటి. బంకమట్టి తన నీటిలో కొంత భాగాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, వేరు ఎంత లాగినా అది రాదు. అందుకే మట్టిలో తడి ఉన్నా మొక్క ఎండడం నిజంగా జరిగే సంగతే.

వంతులు వేసి నీళ్లివ్వడమే తప్పని నేననడం లేదు. నీళ్లు కొరతగా ఉన్నచోట వంతు లేకపోతే బలమున్నవాడిదే నీరవుతుంది. లద్దాఖ్ ఊళ్లలో ఏ పొలానికి ఎప్పుడు నీరు వదలాలో చూసేందుకు చుర్పోన్ అనే మనిషి ఉంటాడు. మంచు కరిగిన నీళ్లు అందరికీ అందేది అతని వల్లే. ఉత్తరాదిన కాలువల కింద వారబందీ అనే పద్ధతి ఉంది. వారంలో ఏ రైతుకి ఏ గంటకి నీళ్లో ముందే రాసి ఉంటుంది. మన చార్టుకి పెద్దన్న అనుకోండి. నీళ్లు పంచడానికి అది మంచి పద్ధతే. అయితే ఎవరి వంతు ఎప్పుడో చెప్పే కాగితం, పైరుకి ఎప్పుడు కావాలో చెప్పలేదు. వంతు వచ్చింది కదా, పోతే మళ్లీ వారం దాకా రాదు కదా అని అవసరం లేకపోయినా తడి పెట్టడం కొత్తేమీ కాదు.

ఎక్కువ నీళ్ల వల్ల ఎడారే పాడైన చోటు ఉందంటే మీరు నమ్మకపోవచ్చు. పంజాబ్‌లోని హరికే దగ్గర నుంచి రాజస్థాన్‌కి నీళ్లు తెచ్చే ఇందిరాగాంధీ కాలువ పని 1958లో మొదలైంది. ఆ నీళ్లతో వేల పొలాలు పచ్చబడ్డాయి, అది నిజం. హనుమాన్‌గఢ్ వైపు కొన్ని చోట్ల మాత్రం పొలాలు నీటి ఊటతో చెరువులయ్యాయి. కాలువ నుంచి ఊరిన నీరు, అవసరానికి మించిన తడులు, నీటిని కిందికి దిగనివ్వకుండా అడుగున పరుచుకున్న గట్టి జిప్సం పొర, ఇవన్నీ కలిసి చేసిన పని అది. ఇసుక నేల కింద మూత పెట్టినట్టయింది. చిల్లులేని కుండీ అంటే మరేమిటి? మీ క్వార్టర్ వరండాలో పెయింటు డబ్బాలో మొక్క వేసి, అడుగున మేకుతో చిల్లు కొట్టకపోతే, చిన్నదే అయినా అదే కథ.

ఇప్పుడు మన మాటల దగ్గరికి వద్దాం. మన రైతులు నీళ్లని రోజుల్లో లెక్కపెట్టరు, తడుల్లో లెక్కపెడతారు. “ఈ పైరుకి నాలుగు తడులు ఇచ్చాం” అంటారు. వేరుశనగ, మొక్కజొన్న, మిరప లాంటివి ఆరుతడి పంటలు. ఆ మాటని విడదీసి చూడండి. తడపాలి, ఆరనివ్వాలి, మళ్లీ తడపాలి. నీరు వెళ్లాక గాలి రావాలన్న సంగతి ఆ ఒక్క మాటలో ఉంది. నేలలో తడి ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా, దున్నడానికో విత్తడానికో సరిగ్గా ఉంటే పదునులో ఉంది అంటారు. గుప్పెట్లోకి మట్టి తీసుకుని నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. చేతికి అంటుకుంటే ఇంకా పదునుకి రాలేదు. అసలు ఉండే కట్టకపోతే పదును దాటిపోయింది. నీళ్లు లేక పైరు వడలితే బెట్టకొచ్చింది అంటారు. బెట్ట ఎప్పుడు తగిలిందన్నది కూడా ముఖ్యమే. మొక్కజొన్న పీచు వేసే వేళ బెట్ట తగిలితే కంకిలో గింజ సరిగా పట్టదు, ఆ తరవాత ఎన్ని నీళ్లు పెట్టినా పోయిన గింజ రాదు. మొక్క చుట్టూ నీరు నిలిచేలా చేసే గుండ్రటి గట్టు పాదు. ఎక్కువ నీళ్ల వల్లో, ఉప్పునీటి వల్లో తెల్లగా పొంగి పనికిరాకుండా పోయిన నేల చౌడు. ఈ మాటలు మీ తాతగారికో అమ్మమ్మగారికో తెలిసి ఉంటాయి. సెలవులకి వెళ్లినప్పుడు అడగండి. ఒక్కో జిల్లాలో ఒక్కో మాట ఉంటుంది, నాకు తెలియనివి మీకే దొరుకుతాయి.

మరి వరి సంగతేమిటని అడుగుతారు. అది నీళ్లలోనే నిలబడుతుంది కదా? నిజమే. వరి కాడలోనూ వేరులోనూ గాలి దిగే ఖాళీ దారులుంటాయి. పైనుంచి ఊపిరి కిందికి పంపుకోగలదు. కలబందకి ఆ ఏర్పాటు లేదు. అంతెందుకు, వరికి కూడా ఎప్పుడూ మునిగి ఉండాల్సిన పని లేదు. మడగాస్కర్‌లో మొదలైన శ్రీ పద్ధతిలో పొలాన్ని నీళ్లతో నింపి ఉంచరు, తడిపి ఆరనిస్తారు. 2003 ఖరీఫ్ నుంచి ఆంధ్రప్రదేశ్ రైతుల పొలాల్లోనూ దాన్ని పరీక్షించారు. తుంగభద్ర ఆయకట్టుది ఇంకో కథ. అందులో చాలా భూమిని ఆరుతడి పంటలకని అనుకున్నారు. కాలువ తలాపున ఉన్నవాళ్లు వరి వేసేసరికి చివరి భూములకి నీళ్లు చాలలేదు. పైన నేల ఊటెక్కుతుంటే కింద నేల నెర్రెలు ఇచ్చింది.

తక్కువ పోయడమే మంచిదని నేను చెబుతున్నట్టు కొందరికి అనిపించి ఉంటుంది. కాదు. అన్నిటికంటే చెడ్డది రోజూ కొంచెం కొంచెం చిలకరించడం. పైన అంగుళం తడుస్తుంది, కింద ఎండే ఉంటుంది. వేరు తడి ఉన్న వైపే పెరుగుతుంది కాబట్టి పైపైనే అల్లుకుంటుంది. ఒక్క రోజు మీరు రాకపోతే ఆ మొక్క అల్లాడిపోతుంది. అదే, అడుగు చిల్లులోంచి నీరు కారేదాకా నిండుగా పోసి, పైమట్టి ఆరేదాకా ఆగితే, వేరు తడిని వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. ఇంకో లాభమూ ఉంది. బోరు నీళ్లలోనూ ట్యాంకర్ నీళ్లలోనూ లవణాలు ఉండొచ్చు. కొంచెం కొంచెం పోస్తే నీరు ఆవిరై లవణం మట్టిలోనే మిగులుతుంది. కుండీ అంచున తెల్లటి పొక్కులా కనబడేది అదే. నిండుగా పోసినప్పుడు అది కొంత కడుక్కుపోతుంది. (వేళ్లు అనగానే బదిలీల మీద వచ్చిన పిల్లల గురించి ఉపమానం చెబుతానని ఎదురుచూసేవాళ్లు ఉంటారు. మీకు ఆ ఉపమానం ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. నేను చెప్పను.)

సైన్స్ ఎగ్జిబిషన్ గురించి కూడా ఒక మాట. ప్రతి ఏడాదీ ఒక బల్ల మీద మూడు కుండీలు ఉంటాయి. నీళ్లు లేనిది, ఒక కప్పు పోసినది, రెండు కప్పులు పోసినది. మధ్యది బాగా పెరుగుతుందని చార్టు ముందే రాసి ఉంటుంది. ఒక్కో రకానికి ఒక్కటే మొక్క. ఆ ఒక్కటీ గింజలోనే బలహీనమైతే తప్పు నీళ్లదా, గింజదా? పైగా కొలిచేది ఎత్తు మాత్రమే. నీరు తక్కువైన మొక్క తన బలంలో ఎక్కువ వాటా వేరుకి పెట్టడం మామూలే. ఎత్తు కొలిచే స్కేలుకి అది కనబడదు.

చేస్తే ఇలా చెయ్యండి. ఇరవై కాగితపు కప్పులు, గుప్పెడు పెసలు, వంటింటి డిజిటల్ కాటా చాలు. ఐదు కప్పులు తప్ప మిగతావాటి అడుగున చిల్లు పెట్టండి. ఎండు మట్టితో నింపి తూచండి. తరవాత నిండా తడిపి, కారేదంతా కారనిచ్చి మళ్లీ తూచండి. ఎండు కప్పు 200 గ్రాములు, తడి కప్పు 270 ఉందనుకుందాం. అంటే ఆ మట్టి పట్టుకోగలిగిన నీరు 70 గ్రాములు, అంటే 70 మిల్లీలీటర్లు. ప్రతి కప్పులో రెండేసి పెసలు వేసి, మొలిచాక ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యండి. ఒక ఐదింటికి రోజూ 270 దాకా నింపండి. ఇంకో ఐదింటిని సగం నీరు పోయి 235కి వచ్చేదాకా ఆగి నింపండి. మరో ఐదింటికి, అవసరమున్నా లేకపోయినా, రోజూ రెండు చెంచాలు. చిల్లులేని ఐదింటిలో, మొలిచాక నీళ్లు పైన నిలిచేలా ఉంచండి. కప్పుల చోటు రోజూ మార్చండి, కిటికీ పక్కది ఎప్పుడూ కిటికీ పక్కనే ఉండకూడదు. ఇరవై ఒకటో రోజున మట్టి కడిగి, వేరు కొలవండి, ఆకులు లెక్కపెట్టండి, అన్నిటినీ ఎండబెట్టి తూచండి. ఒక్కో మొక్క కాటాకి అందనంత తేలికైతే ఐదూ కలిపి తూచండి. ఏం వచ్చిందో అదే రాయండి. అనుకున్నది రాకపోతే మరీ మంచిది, ఎందుకు రాలేదో మాట్లాడుకోవచ్చు.

ఈ పని ఇంకెవరికంటే మీకే బాగా కుదురుతుంది. మనలాంటి బడులు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరి స్నేహితుడు ఈ ఏడే ఇంకో ఊరికి వెళ్లి ఉంటాడు. ఒకే వారంలో, ఒకే రకం పెసలు, అక్కడి మట్టితో అక్కడా ఇక్కడి మట్టితో ఇక్కడా వేసి, ఫోన్‌లో అంకెలు చెప్పుకోండి. ఒకే ఊళ్లో పదేళ్లు చదివిన పిల్లలకి ఇంత సులువుగా దొరకని ప్రయోగం ఇది.

చార్టు తీసేస్తే బాధ్యత పోతుంది, ఎవరి పేరూ లేకపోతే ఎవరూ పొయ్యరు అని మా సహోద్యోగి ఒకరు వాదించారు. ఆయన మాటలో నిజముంది. నలభై మందిదీ అయిన మొక్క ఎవరిదీ కాదు. అందుకే పేర్లు ఉండనివ్వమంటున్నాను. మారాల్సింది గడి. “పోశాను” అన్నచోట “చూశాను” ఉండాలి. వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దింపి, తడి తగిలిందో లేదో రాయాలి. తగల్లేదు, పోశాను. తగిలింది, పొయ్యలేదు. ఈ రెండిటికీ ఒకే మార్కు రావాలి. ఇప్పుడున్న పద్ధతిలో చూసి, ఆలోచించి, నీళ్లు పొయ్యకుండా వెనక్కి వచ్చిన అమ్మాయికి సున్నా వస్తుంది. ఏమీ చూడకుండా మగ్గు బోర్లించి పరిగెత్తిన వాడికి మార్కు వస్తుంది. ఇది నాకు అన్యాయంగా తోస్తోంది. చదువు చెప్పే చోట ఇంకా ఎక్కువ తోస్తోంది.

నీళ్ల లెక్క కూడా ఒకసారి వేద్దాం. నలభై కుండీలు, కుండీకి అర లీటరు మగ్గు, రెండు వందల పనిదినాలు. మొత్తం 4,000 లీటర్లు. ట్యాంకర్ కోసం కాలనీ అంతా బిందెలు పట్టుకుని నిలబడే ఊళ్లలో మనం పనిచేశాం, మీరు చదివారు. అందులో సగం మొక్క తాగకుండా చిల్లులోంచి కారిపోతే, ఆ చిల్లుకి మార్కులు వేస్తున్నట్టే కదా.

చివరిగా బదిలీల సంగతి. మార్చిలో ఆర్డర్లు వస్తాయి, పెట్టెలు సర్దుతారు, లారీవాళ్లు కుండీలు ఎక్కించుకోమంటారు. కుండీలు పక్కింటివాళ్లకో, కొత్తగా వచ్చేవాళ్లకో మిగులుతాయి. “రోజూ నీళ్లు పొయ్యండి” అని చెప్పి వెళ్లిపోతాం. మీకు బడి టీసీ ఇస్తుంది, అందులో మీ సంగతి అంతా ఉంటుంది. మొక్కకీ ఒకటి ఇవ్వండి. ఏ మట్టి, అడుగున ఎన్ని చిల్లులు, ఏ నెలలో ఎన్నాళ్లకి ఆరుతుంది, ఏం చూస్తే కంగారు పడాలి, ఏం చూస్తే అక్కర్లేదు. మీ బుర్రలో ఉన్న ఈ లెక్క మీతో లారీ ఎక్కిపోతే, వెనక మిగిలిన మొక్కకి దిక్కు లేదు. కాగితానికి చిన్న ప్లాస్టిక్ కవరు తొడిగి కుండీకి కట్టండి. తెలుగులో రాసి, పక్కన హిందీలో కూడా రాయండి, వచ్చేవాళ్లు ఎవరో తెలియదు కదా. నా కరివేపాకు కుండీకి నేను రాసి పెట్టుకున్నది ఇది:

“కరివేపాకు. వయసు మూడేళ్లు. పన్నెండు అంగుళాల మట్టి కుండీ, అడుగున చిల్లు ఒకటి, దాని మీద పెంకు ముక్క. రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు ఇసుక, ఒక వంతు పశువుల ఎరువు. మే నెలలో రెండు రోజులకి పైమట్టి ఆరుతుంది. వానలు పడినన్నాళ్లూ పొయ్యక్కర్లేదు. జనవరిలో వారం దాటినా పట్టించుకోదు. పోస్తే చిల్లులోంచి కారేదాకా పొయ్యాలి. మధ్యాహ్నం తల వాలిస్తే సాయంత్రం దాకా ఆగండి. అప్పటికీ లేవకపోతే వేలు పెట్టి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు. తడిగా ఉంటే చిల్లు మూసుకుపోయి ఉంటుంది, పుల్లతో పొడవండి. ఆకులు కోసుకోవచ్చు.”